53 నుంచి 47కు: ఆ ఆరు పాయింట్లలో ఏముంది?

ప్రశ్న: నా వయసు 36. ఆరేళ్ల క్రితం మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎం.ఎస్.) అనే నాడుల జబ్బు ఉందని తేలింది. మందులు క్రమం తప్పకుండా వాడుతున్నాను. నడక బాగానే ఉంది. ఈ ఏడాది తీసిన ఎం.ఆర్.ఐ.లో కొత్త మచ్చలు లేవన్నారు. కానీ ఆఫీసు సమావేశాల్లో ఒకరి తర్వాత ఒకరు మాట్లాడుతుంటే, మూడో మనిషి మొదలుపెట్టేసరికి మొదటి మనిషి చెప్పింది నా తలలో ఇంకా నలుగుతూనే ఉంటుంది. జవాబు తెలుసు, కానీ నోరు తెరిచేలోగా చర్చ ముందుకు వెళ్లిపోతుంది. మనసు పెట్టి వినడం లేదని మా వారు విసుక్కుంటారు. గుర్తులకు అంకెలు చెప్పే 90 సెకన్ల పరీక్షలో రెండేళ్ల క్రితం నాకు 53 వచ్చింది. గత నెల 47 వచ్చింది. కాస్త తగ్గింది, చూద్దాం అన్నారు. 30 మార్కుల మరో పరీక్షలో మాత్రం ముప్పైకి ముప్పై వచ్చాయి. మూడు నెలలుగా కాళ్ల బిగుతుకు ఒక మాత్ర, రాత్రి నాలుగైదుసార్లు మూత్రానికి లేస్తున్నానని మరో మాత్ర వాడుతున్నాను. నా తెలివి తగ్గిపోతోందా? ఫోనులో అలాంటి ఆటే ఉందని, రోజూ ఆడితే స్కోరు పెరుగుతుందని మా తమ్ముడు అంటున్నాడు. ఆడమంటారా? ఆఫీసులో ఈ సంగతి చెప్పాలా? - పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకురాలు

జవాబు: అమ్మా, మొదటి ప్రశ్నకు ముందు సూటిగా జవాబు చెబుతాను. మీ తెలివి తగ్గిపోతోందని ఆ 47 చెప్పడం లేదు. ఆ 90 సెకన్ల పరీక్ష కొలిచేది ఆలోచన వేగాన్ని. జవాబు తెలిసి ఉండి కూడా చర్చను అందుకోలేకపోతున్నానని మీరు రాసిన ఆ ఒక్క వాక్యం ఈ ఇబ్బందిని వైద్య నివేదికలకంటే స్పష్టంగా చెప్పింది.  మీకు జవాబు తెలుస్తోంది, అది సమయానికి బయటికి రావడం లేదు, అంతే.

47 అనే అంకె మిమ్మల్ని అంతగా భయపెట్టడానికి మరో కారణం ఉందని నా అనుమానం. మనమందరం వందకు ఇన్ని మార్కులని లెక్కపెట్టుకుంటూ పెరిగిన వాళ్లం. 47 అంటే సగం కూడా రాలేదన్న బాధ వెంటనే కలుగుతుంది. ఈ పరీక్షలో ఆ లెక్క పనిచేయదు. దీని పూర్తి పేరు సింబల్ డిజిట్ మోడాలిటీస్ టెస్టు. వైద్యులు పొట్టిగా ఎస్.డి.ఎం.టి. అంటారు. ఆరన్ స్మిత్ అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్త దీన్ని 1973లో వెలువరించారు. కాగితం పైభాగాన తొమ్మిది వింత గుర్తులు, వాటి కింద 1 నుంచి 9 వరకు అంకెలు ఉంటాయి. దిగువన అవే గుర్తులు కలగాపులగంగా వరుసలు కట్టి ఉంటాయి. ఒక్కో గుర్తుకు ఏ అంకె అని పైన చూసి చెప్పుకుంటూ పోవాలి. గడులు మొత్తం 110. తొంభై సెకన్లలో అవన్నీ దాదాపు ఎవరూ పూర్తి చేయలేరు, చేయాలని ఎవరూ ఆశించరు కూడా. పూర్తి ఆరోగ్యంగా ఉన్న మీ వయసు వాళ్లు సైతం చాలా గడులు మిగిల్చే లేస్తారు.

అందులో ఒక్కో గడి దగ్గర మీరు చేసే పని ఏ మాత్రం కష్టమైనది కాదు. గుర్తును చూడాలి, చూపు పైకి తీసుకెళ్లాలి, జతను వెతకాలి, అంకెను పట్టుకుని కిందికి రావాలి, చెప్పాలి, తర్వాతి గడికి వెళ్లాలి. బడికి వెళ్లే పిల్లలు కూడా చేయగలరు. మనిషికీ మనిషికీ తేడా వచ్చేది ఈ చిన్న పనుల గొలుసు తొంభై సెకన్లలో ఎన్నిసార్లు తిరిగిందన్న దగ్గరే. అందుకే మీ తర్వాతి సందర్శనలో ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: "నేను చెప్పిన వాటిలో తప్పులెన్ని?" రెండుసార్లూ ఒకటో రెండో తప్పులే ఉంటే, మీ కచ్చితత్వం చెక్కుచెదరలేదని, తగ్గింది వేగమేనని ఆ కాగితమే సాక్ష్యం చెబుతుంది. చాలామంది వైద్యులు మొత్తం ఒక్కటే చెప్పి ఊరుకుంటారు. రోగికి ధైర్యమిచ్చే సమాచారం మాత్రం తప్పుల గడిలో ఉంటుంది.

నా మాటకు పరిశోధనల బలం కూడా ఉంది. ఎం.ఎస్. ఉన్నవారికి ఒక్కో ప్రశ్నకు కావలసినంత సమయం ఇచ్చి చూసినప్పుడు, వారి జవాబుల కచ్చితత్వం జబ్బు లేనివారితో దాదాపు సమానంగా ఉందని 1999, 2004 సంవత్సరాల్లో వెలువడిన అధ్యయనాలు చూపించాయి. గడియారాన్ని బిగించినప్పుడే తేడా బయటపడింది. ఎం.ఎస్.లో మరుపులా కనిపించే దానిలోనూ కొంత భాగం ఇదే. విన్నది లోపల కుదురుకునే లోపే తర్వాతి మాట వచ్చి పడితే, మొదటిది సరిగా నమోదే కాదు. నమోదు కానిది తర్వాత ఎంత వెతికినా దొరకదు.

ఎం.ఆర్.ఐ.లో కొత్త మచ్చలు లేకపోతే వేగం ఎందుకు తగ్గుతుందన్నది మీరు నేరుగా అడగకపోయినా మీ ఉత్తరమంతా పరుచుకుని ఉన్న ప్రశ్న. నాడీతంతువుల చుట్టూ మైలిన్ అనే కొవ్వు తొడుగు ఉంటుంది. ఎం.ఎస్.లో రోగనిరోధక వ్యవస్థ దాడి చేసేది దాని మీదే. తొడుగు ఉన్న మందపాటి తంతువుల్లో సంకేతం సెకనుకు వంద మీటర్ల వేగాన్ని కూడా అందుకోగలదు. తొడుగు లేని సన్నని తంతువుల్లో సెకనుకు ఒకటి రెండు మీటర్లు దాటదు. తొడుగు దెబ్బతిన్న చోట సంకేతం నెమ్మదిస్తుంది, కొన్నిచోట్ల ఆగిపోతుంది. ఒక్క గుర్తుకు అంకె చెప్పాలంటే చూపుకు, శ్రద్ధకు, మాటకు సంబంధించిన మెదడు భాగాలన్నీ ఒకదానితో ఒకటి క్షణాల్లో మాట్లాడుకోవాలి. ప్రతి మజిలీలోనూ పోయే కాస్త కాస్త సమయం కలిసి పెద్దదవుతుంది.

ఇక మచ్చల లెక్క కథలో ఒక భాగం మాత్రమే. మెదడు నడిమధ్యన థాలమస్ అనే భాగం ఉంటుంది. శరీరం నుంచి వచ్చే సమాచారంలో చాలా భాగం దాని గుండానే పైకి వెళుతుంది. ఎం.ఎస్.లో అది మెల్లగా కుంచించుకుపోవడానికి, ఈ 90 సెకన్ల పరీక్షలో స్కోరు తగ్గడానికి గట్టి సంబంధం ఉందని అనేక అధ్యయనాలు చెబుతున్నాయి. మెదడు పైపొరలో, అంటే కార్టెక్సులో వచ్చే మచ్చలు చాలావరకు మామూలు ఎం.ఆర్.ఐ. చిత్రాల్లో కనిపించవు. కాబట్టి కొత్త మచ్చలు లేవన్న మాటా నిజమే కావచ్చు, మీ ఇబ్బందీ నిజమే కావచ్చు. ఒకటి నిజమైనంత మాత్రాన మరొకటి అబద్ధం కానక్కరలేదు.

ముప్పైకి ముప్పై రావడం గురించి. ఆ తరహా పరీక్షల్లో బాగా ప్రచారంలో ఉన్నది 1975లో వచ్చింది. ఈ రోజు తేదీ ఎంత, ఎక్కడున్నారు, ఈ మూడు మాటలు గుర్తుపెట్టుకుని మళ్లీ చెప్పండి, వందలోంచి ఏడేసి తీసేస్తూ వెళ్లండి అని అడుగుతుంది. పెద్ద వయసులో వచ్చే మతిమరుపు జబ్బును పసిగట్టడానికి అది పనికొస్తుంది. అందులో గడియారం లేదు. మీరు జవాబు చెప్పడానికి ఎంతసేపు తీసుకున్నారన్నది ఎవరూ రాసుకోరు. వేగమే సమస్య అయిన మనిషికి వేగాన్ని కొలవని పరీక్ష పెట్టి "అంతా బాగుంది" అని పంపించడం నాకు బాధ కలిగిస్తుంది. ఇది ఇప్పటికీ చాలా చోట్ల జరుగుతోంది. పంతొమ్మిదో శతాబ్దంలో ఈ జబ్బుకు స్పష్టమైన రూపురేఖలు ఇచ్చిన ఫ్రెంచి వైద్యుడు షార్కో తన రోగుల్లో ఆలోచనలు నెమ్మదిగా రూపుకడుతున్నాయని అప్పుడే గమనించాడు. ఆ తర్వాత వందేళ్లపాటు వైద్యుల చూపంతా కాళ్ల మీదే నిలిచింది. నేటికీ జబ్బు తీవ్రతను చెప్పడానికి అందరూ వాడే 0 నుంచి 10 వరకు ఉండే ఇ.డి.ఎస్.ఎస్. కొలబద్దలో 4 దాటిన తర్వాత దాదాపు అంతా నడక లెక్కే. ఎం.ఎస్. ఉన్నవారిలో నూటికి 40 నుంచి 65 మందికి ఆలోచనలోనో, జ్ఞాపకంలోనో ఏదో ఒక స్థాయిలో మార్పు వస్తుందని అధ్యయనాలు చెబుతున్నప్పుడు, నడక బాగుందన్న ఒక్క మాటతో సరిపెట్టుకోకూడదు.

మీకు ఈ పరీక్ష రెండుసార్లు చేసినందుకు మీ వైద్యుల్ని మెచ్చుకోవాలి. జబ్బు తేలిన తొలి రోజుల్లోనే ఒకసారి, ఆ తర్వాత ఏడాదికోసారి దీన్ని గానీ ఇలాంటి మరొకదాన్ని గానీ చేయాలని 2018లో అమెరికాలోని ఎం.ఎస్. నిపుణులు సిఫారసు చేశారు. కాస్త వ్యవధి ఉంటే బైకామ్స్ అనే పావుగంట పరీక్షల కట్ట ఉంది. 2012లో వచ్చిన ఆ కట్టలో ఈ పరీక్షతో పాటు మాటల పట్టికను గుర్తుపెట్టుకోవడం, బొమ్మల్ని గుర్తుపెట్టుకోవడం కూడా ఉంటాయి. మీ విషయంలో తర్వాతి మెట్టు అదే కావాలి. ఇంతకుముందు బాగా వాడుకలో ఉన్నది పాసాట్ అనే పరీక్ష. మూడు సెకన్లకోసారి ఒక అంకె వినిపిస్తుంది, వినిపించిన అంకెను దాని ముందు అంకెతో కూడి చెప్పాలి. అది సున్నితమైన పరీక్షే, కానీ చాలా నిర్దయమైనది. ఒక్క అంకె తప్పిపోతే మనిషి తడబడి, లెక్కలంటే ఉన్న పాత భయమంతా పైకి తేలుతుంది. సగంలోనే కళ్లనీళ్లు పెట్టుకున్న వాళ్లున్నారు. దాని స్థానంలోకి ఎస్.డి.ఎం.టి. రావడం వల్ల రోగులకు మేలే జరిగింది.

ఇప్పుడు మీ రెండు అంకెల దగ్గరికి వద్దాం. 53 నుంచి 47కు, అంటే ఆరు పాయింట్లు. ఈ పరీక్షలో 4 పాయింట్లు, లేదా పది శాతం తగ్గితే పట్టించుకోదగిన మార్పుగా చూడాలని పరిశోధకుల్లో చాలామంది అంటారు. ఆ హద్దు ఊరికే గీసింది కాదు. ఉద్యోగాలు చేస్తున్న ఎం.ఎస్. రోగుల్ని కొన్నేళ్లు గమనించినప్పుడు, పని కోల్పోయినవారిలో, పని గంటలు తగ్గించుకోవాల్సి వచ్చినవారిలో స్కోరు ఇంచుమించు ఆ మేరకు పడిపోయిందని తేలింది. ఆ లెక్కన మీ ఆరు పాయింట్లు హద్దు దాటాయి. అయితే ఒక గుంపుకు సరిపోయే హద్దు ఒక్క మనిషికి అలాగే సరిపోదు. ఏ మార్పూ లేని మనిషికి కూడా ఈ రోజు ఒక స్కోరు, వచ్చే వారం మరో స్కోరు వస్తాయి. ఒక్క వ్యక్తి విషయంలో గట్టిగా చెప్పాలంటే 8 పాయింట్ల తేడా ఉండాలని వాదించే పరిశోధకులూ ఉన్నారు. మీ ఆరు ఈ రెండు హద్దుల మధ్య నిలిచింది. పక్కన పెట్టేయదగినది కాదు, తీర్పు చెప్పడానికి సరిపోయేదీ కాదు. ఒక్కసారి చూసిన రక్తపోటును బట్టి ఎవరికీ జీవితాంతం మందు రాయరు కదా, కొన్నాళ్లకు మళ్లీ చూస్తారు. ఇదీ అంతే.

మీ స్కోరును ఎవరితో పోల్చి "కాస్త తగ్గింది" అన్నారో కూడా తెలుసుకోండి. సాధారణంగా మీ వయసు, మీ చదువు ఉన్న ఆరోగ్యవంతుల సగటుతో పోలుస్తారు. సగటు నుంచి ఒకటిన్నర ప్రామాణిక విచలనం (స్కోర్లు సగటుకు అటూ ఇటూ ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలత) కిందికి పడితే లోపం ఉన్నట్టు లెక్కకట్టడం ఆనవాయితీ. ఏ జబ్బూ లేని వందమందిలో కూడా ఆరేడుగురు ఆ గీత కింద ఉంటారు. అంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. మొదటి నుంచీ చురుకైన మనిషి చాలా మెట్లు దిగిపోయి కూడా సగటు గీతకు పైనే నిలబడవచ్చు. అప్పుడు కాగితం "మామూలే" అంటుంది, ఆ మనిషికి మాత్రం తన పాత వేగం పోయిందని ప్రతి పూటా తెలుస్తూనే ఉంటుంది. అందుకే నా దృష్టిలో ఇతరుల సగటు కంటే మీ పాత 53 చాలా విలువైన కొలత. జబ్బు తేలిన తొలి రోజుల్లోనే ఒకసారి కొలవాలని మేము పట్టుబట్టేది ఇందుకే. ఈ ఉత్తరం చదువుతున్న ఇతర ఎం.ఎస్. పాఠకులెవరికైనా ఆ తొలి కొలత లేకపోతే, ఏ ఇబ్బందీ లేకపోయినా సరే, ఇప్పుడే చేయించుకోండి.

మీ ఉత్తరంలో నన్ను బాగా ఆపిన వాక్యం ఒకటుంది. మీరు దాన్ని మామూలుగా రాసేశారు. మూడు నెలలుగా రెండు కొత్త మాత్రలు, రాత్రికి నాలుగైదుసార్లు నిద్ర లేవడం. గత నెల పరీక్ష చేసినప్పుడు మీ మెదడు నెలల తరబడి ముక్కలైన నిద్రతో అక్కడ కూర్చుంది. అది చాలదన్నట్టు, కాళ్ల బిగుతుకు ఇచ్చే బాక్లోఫెన్, టిజానిడిన్ వంటి మందులు మగత తెప్పిస్తాయి. మూత్రాశయాన్ని శాంతపరచడానికి ఇచ్చే ఆక్సిబ్యుటినిన్ వంటి పాత మందులు, జ్ఞాపకానికీ శ్రద్ధకూ అవసరమైన ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనానికి అడ్డుపడతాయి. మీరు వాడుతున్నవి ఇవేనా అన్నది మీ చీటీ చూసి మీ వైద్యులే చెప్పాలి. ఇవే అయితే ఆ ఆరు పాయింట్లలో కొన్ని జబ్బువి కాకపోవచ్చు, మాత్రలవి, నిద్రలేమివి కావచ్చు. మూత్రాశయానికి వేరే దారిన పనిచేసే మిరాబెగ్రాన్ వంటి మందులు ఉన్నాయి. మార్చవచ్చేమో అడగండి. మాత్ర వేసుకునే వేళ మార్చినా కొందరికి తేడా వస్తుంది. ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెబుతున్నాను: మీ అంతట మీరు ఏదీ ఆపకండి. బాక్లోఫెన్‌ను ఒక్కసారిగా మానేస్తే మూర్ఛలు, భ్రమలు వచ్చే ప్రమాదం ఉంది.

మూత్ర పరీక్ష చేయించుకోండి. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉంటే జ్వరం లేకపోయినా ఎం.ఎస్. లక్షణాలు పైకి లేవవచ్చు. థైరాయిడ్, బి12 చూడమనండి. గురక పెడుతున్నారేమో మీ వారిని అడగండి, నిద్రలో ఊపిరి ఆగే ఇబ్బంది ఉంటే పగలంతా తల మొద్దుబారినట్టు ఉంటుంది. మనసు సంగతి కూడా దాచుకోకండి. ఎం.ఎస్. ఉన్నవారిలో డిప్రెషన్ సాధారణ జనంలో కంటే చాలా ఎక్కువ, అదీ ఆలోచనను నెమ్మదింపజేస్తుంది, పైగా దానికి మంచి చికిత్స ఉంది. ఎప్పుడైనా కంటి నాడి వాపు వచ్చి ఉంటే ఆ సంగతి పరీక్ష చేసేవారికి చెప్పండి. గుర్తు సరిగా కనిపించక పోయిన సెకన్లు ఆలోచన ఖాతాలో పడకూడదు. మాట తడబడేవారికీ అంతే. నోటితో చెప్పే పద్ధతిని ఎం.ఎస్.లో ఎంచుకున్నది చేతి వణుకు, చేతి నెమ్మది స్కోరును పాడుచేయకూడదనే. నోరు కూడా నెమ్మదించినవారి విషయంలో ఆ ఎంపిక పూర్తిగా న్యాయం చేయదు.

ఇవన్నీ చక్కబడిన తర్వాత, మూడు నుంచి ఆరు నెలల లోపు, మళ్లీ ఆ పరీక్ష చేయించుకోండి. ఈసారి మీరు కొంచెం పట్టుదలగా ఉండాలి. మొదటిసారి నోటితో చెప్పారా, చేత్తో రాశారా కనుక్కుని అదే పద్ధతి కోరండి. అంకెల్ని ఏ భాషలో చెప్పారో అదే భాషలో చెప్పండి, ఎందుకంటే పొడవాటి పేర్లున్న అంకెల్ని పలకడానికే కొంత సమయం పోతుంది. ఒకే కాగితం మళ్లీ మళ్లీ ఇస్తే గుర్తులు మనసులో పడిపోతాయి కాబట్టి గుర్తుల జతలు మార్చిన నమూనాలు ఉంటాయి. ఏ నమూనా ఇచ్చారో స్కోరు పక్కన రాయమనండి. పరీక్షను రోజులో అదే వేళకు పెట్టించుకోండి. ఆసుపత్రిలో గంటలకొద్దీ వేచి ఉండి, రక్తం ఇచ్చి, వైద్యుల్ని కలిసి, అలసిపోయిన తర్వాత చివరన చేసే పరీక్ష అలసటను కొలుస్తుంది. కుదిరితే మొదటే చేయమనండి. ఒంటి వేడి పెరిగినా నాడుల్లో సంకేతాలు మందగిస్తాయి, కాబట్టి ఎండలో వచ్చి వెంటనే కూర్చోకండి. రిలాప్స్ (జబ్బు తిరగబెట్టడం) మధ్యలో ఉన్నా, స్టెరాయిడ్ల కోర్సు అప్పుడే ముగిసినా వాయిదా వేయండి.

ఇక తమ్ముడి సలహా. అతని ప్రేమను కాదనను, కానీ ఆ ఆట ఆడవద్దని గట్టిగా చెబుతున్నాను. రోజూ ఆడితే మీ స్కోరు తప్పకుండా పెరుగుతుంది. గుర్తుల జతలు, కళ్లు తిప్పే తీరు అలవాటైపోతాయి. మీ సమావేశంలో మాత్రం ఒక్క వాక్యం కూడా ముందుకంటే త్వరగా అందదు. పైగా రేపు నిజంగా వేగం తగ్గినప్పుడు దాన్ని చూపించాల్సిన కొలత మీ చేతుల్లోనే పాడైపోయి ఉంటుంది. అలవాటు వల్ల పెరిగిన ఆరు పాయింట్లు, జబ్బు వల్ల తగ్గిన ఆరు పాయింట్లను కప్పేస్తాయి. మీకు మీరు చేసుకోగల పెద్ద అన్యాయం అది. టాబ్లెట్ మీద చేసే ఇలాంటి పరీక్షల్ని మీ ఆసుపత్రి వారే పెట్టి, వారే నమోదు చేస్తుంటే అది వేరు. ఇంట్లో స్కోరు కోసం సాధన చేయడం మాత్రం వద్దు.

అలాగని చేయగలిగింది ఏమీ లేదనుకోకండి. ఆలోచన వేగాన్ని పెంచడానికంటూ ఎం.ఎస్.లో నమ్మకంగా పనిచేసే మందు ఇప్పటికి లేదు. మతిమరుపు జబ్బులో వాడే డొనెపెజిల్‌ను ఎం.ఎస్. రోగుల జ్ఞాపకశక్తికి వాడి చూసిన పెద్ద ప్రయోగం 2011లో నిరాశే మిగిల్చింది. నిపుణుల పర్యవేక్షణలో, కష్టాన్ని మెల్లగా పెంచుతూ కంప్యూటర్ మీద ఇచ్చే శిక్షణ కొందరికి కొంత మేలు చేస్తుంది. ఆ మేలు రోజువారీ పనుల్లోకి ఎంతవరకు వస్తుందన్నది మనిషిని బట్టి ఉంటుంది. జబ్బును అదుపు చేసే మీ అసలు మందును వదలకపోవడం, పొగ జోలికి పోకపోవడం, రక్తపోటు అదుపులో ఉంచుకోవడం, ఒంటికి వ్యాయామం ఇవ్వడం మెదడును కాపాడే పనులు. వీటన్నింటి కంటే త్వరగా ఫలితం కనిపించేది మాత్రం చుట్టూ ఉన్న గడియారాన్ని సడలించడంలో. న్యూరోసైకాలజిస్టును (ఆలోచన, జ్ఞాపకం వంటి మెదడు పనుల్ని పరీక్షించే నిపుణులు) గానీ ఆక్యుపేషనల్ థెరపిస్టును (రోజువారీ పనులు చేసుకునే తీరు నేర్పే నిపుణులు) గానీ కలిస్తే, మీ రోజులో సమయం ఒత్తిడి ఎక్కడెక్కడ ఉందో వెతికి, ముందే సిద్ధం చేసుకోగల పనుల్ని ముందుకు జరపడం నేర్పిస్తారు.

మీ వారి గురించి. ఆయన చూసింది నిజమే, చెప్పిన కారణమే తప్పు. ఎం.ఎస్. ఉన్నవారికీ, వారి దగ్గరివారికీ విడివిడిగా ఇచ్చే 15 ప్రశ్నల పత్రం ఒకటుంది. ఎమ్.ఎస్.ఎన్.క్యూ. అంటారు. రోగి తన గురించి తాను రాసినది ఎక్కువగా వారి మనసు దిగులును చూపిస్తుంది, దగ్గరివారు రాసినది పరీక్షల్లో వచ్చే ఫలితాలకు మరింత దగ్గరగా ఉంటుంది. కాబట్టి ఆయన గమనింపు మీ వైద్యులకు అవసరం. తర్వాతిసారి వెంట తీసుకెళ్లండి, ఆ పత్రం ఆయనకూ ఇవ్వమనండి. ఆయన చదువుతారనుకుని ఇక్కడే రెండు మాటలు రాస్తున్నాను. అయ్యా, ఆవిడను ఏదైనా అడిగిన తర్వాత ఆగండి. జవాబు రాలేదని అదే ప్రశ్నను వేరే మాటల్లో మళ్లీ అడిగితే, ఆవిడ లోపల సగం దాకా వచ్చిన పని ఆగిపోయి మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. మీకు మౌనంగా కనిపించే ఆ కొన్ని సెకన్లు ఆవిడ పనిచేస్తున్న సెకన్లు. టీవీ మోగుతుండగా, మరో గది నుంచి, ఒకేసారి మూడు విషయాలు చెప్పకండి.

ఆఫీసులో చెప్పాలా వద్దా అన్నది మీ సంస్థను, మీ పైవారిని, మీ దేశపు చట్టాన్ని బట్టి మీరే తేల్చుకోవాల్సినది. అయితే జబ్బు పేరు ఎత్తకుండానే అడగగలిగినవి చాలా ఉన్నాయి. చర్చించే అంశాలు ముందురోజే పంపమని కోరవచ్చు. ఒకరు ముగించాక మరొకరు మాట్లాడే పద్ధతి పెట్టమనవచ్చు. "దీని మీద నా అభిప్రాయం సాయంత్రం రాసి పంపుతాను" అనడం ఏ ఉద్యోగికీ తలవంపు కాదు. ఒకేసారి రెండు మూడు పనులు పెట్టుకోవద్దు, ముఖ్యమైన పనిని మీ తల తేటగా ఉండే వేళకు ఉంచుకోండి. చెప్పాలనే నిర్ణయించుకుంటే, 47 అన్న అంకెను మాత్రం వారి చేతికి ఇవ్వకండి. మీరు భయపడినట్టే వారూ దాన్ని వందకు మార్కులుగానే చదువుతారు. దానికి బదులు, పనిలో కచ్చితత్వం బాగుందని, సమయం ఒత్తిడి తగ్గిస్తే పూర్తి సామర్థ్యంతో పనిచేయగలరని, ఏయే సర్దుబాట్లు కావాలో వివరించే నివేదిక న్యూరోసైకాలజిస్టు చేత రాయించుకోండి.

మీరు వాహనం నడుపుతారో లేదో రాయలేదు. నడిపేవారైతే, కూడళ్ల దగ్గర నిర్ణయం ఆలస్యమవుతోందని గానీ, పక్క నుంచి వచ్చే బండి హఠాత్తుగా కనిపించినట్టు ఉంటోందని గానీ అనిపిస్తే వైద్యులకు దాచకుండా చెప్పండి. ఈ కాగితం పరీక్ష ఒక్కటే చూసి నడపవచ్చో లేదో తేల్చకూడదు, రోడ్డు మీద నిపుణుల సమక్షంలో పరీక్షించాలి.

ఆఖరుగా, మీరు రాసినది రెండేళ్ల మీద మెల్లగా వచ్చిన మార్పు కాబట్టి పైన చెప్పినట్టు తీరికగా, క్రమంగా చూసుకోవచ్చు. కొద్ది రోజుల్లోనే ఆలోచన బాగా మందగిస్తే మాత్రం, చేతులూ కాళ్లూ చూపూ ఎప్పటిలాగే ఉన్నా సరే, ఏడాది పరీక్ష దాకా ఆగకండి. ఆలోచన మీద మాత్రమే ప్రభావం చూపే రిలాప్సులు కూడా వస్తాయి. ఆ వారంలోనే మీ న్యూరాలజిస్టుకు ఫోను చేసి, ముందు ఇన్ఫెక్షన్ ఏదైనా ఉందేమో చూడమని, ఎస్.డి.ఎం.టి. మళ్లీ చేసి పాత అంకెల పక్కన పెట్టి చూడమని అడగండి.